వేరుశనగ కుండీల ప్రయోగం: నా శాంపిల్ సైజు 60 అనాలా, 20 అనాలా, 4 అనాలా?

మేడమీది కుండీలు:

నమస్తే అందరికీ. నేను తిరుపతిలో ఎమ్మెస్సీ బోటనీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ప్రాజెక్టు రైజోబియం మీద, అంటే వేరుశనగ లాంటి మొక్కల వేర్లలో చేరి గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా మీద. కదిరి-6 వేరుశనగ విత్తనాలకు బెల్లం పాకంలో కలిపిన రైజోబియం పట్టించి నాలుగు కుండీల్లో వేశాను, ఉత్త బెల్లం పాకం పట్టించినవి ఇంకో నాలుగు కుండీల్లో వేశాను. మట్టి చంద్రగిరి దగ్గర ఒకే చేనుది, జల్లెడ పట్టి బాగా కలిపి అన్ని కుండీలకూ అదే నింపాను. మొలిచాక ఒక్కో కుండీలో అయిదేసి మొక్కలు ఉంచి మిగతావి పీకేశాను. ముప్పయ్యో రోజున స్కేలుతో ఎత్తు కొలిచాను, ఒక్కో మొక్కను మూడేసి సార్లు.

కుండీల సగటు ఎత్తులు సెంటీమీటర్లలో ఇవి.
ఉత్త పాకం: 12.1, 13.4, 11.6, 12.9
రైజోబియం: 13.0, 14.6, 12.3, 14.1

అంటే 12.5కీ 13.5కీ మధ్య తేడా 1 సెం.మీ. ఎక్సెల్‌లో టీ టెస్ట్ (రెండు సగటుల మధ్య తేడాను పరీక్షించేది) చేస్తే వచ్చిన గొడవ ఏంటంటే, రీడింగులన్నీ వేసి ఎన్ (ఒక్కో వైపు శాంపిల్ సైజు) 60 అనుకుంటే పి విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) 0.0004 వస్తోంది, మొక్కకో సగటు తీసి ఎన్ 20 అంటే 0.04, కుండీకో సగటు తీసి ఎన్ 4 అంటే 0.18. అవే మొక్కలు, అదే స్కేలు, మూడు జవాబులు. మా గైడ్ మామూలు హద్దు 0.05 కంటే తక్కువ వచ్చింది కదా, అది రాసెయ్ అన్నారు. హాస్టల్‌లో మా సీనియర్ అక్క మాత్రం ఎన్ నాలుగే, వైవాలో ఎక్స్‌టర్నల్ పట్టుకుంటారు అంటోంది. వైవా దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఇంకో చిన్న డౌటు, 13.5 పక్కన ± పెట్టి రాసేది ఎస్‌డీనా (స్టాండర్డ్ డీవియేషన్, అంకెల చెదురు), స్టాండర్డ్ ఎర్రరా (సగటులో అనిశ్చితి)? మా డిపార్ట్‌మెంట్ పాత థీసిస్‌లలో ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు, కొందరైతే ఏది రాశారో కూడా చెప్పలేదు.

రేణిగుంట బయోస్టాట్:

మీ సీనియర్ చెప్పిందే కరెక్టు. ఎన్ నాలుగు. ఎందుకో చెప్తాను, కొంచెం పెద్దగానే రాస్తాను, ఇది అర్థమైతే మిగతా స్టాటిస్టిక్స్ సగం వచ్చేసినట్టే కాబట్టి.

మీరు తెలుసుకోవాలనుకున్నది రైజోబియం పనిచేస్తుందా లేదా అని. ఆ రైజోబియంను దేనికి ఇచ్చారు? ఈ కుండీకి ఇద్దాం, ఆ కుండీకి వద్దు అని కుండీలవారీగా నిర్ణయించారు. ఒక కుండీలోని అయిదు మొక్కలూ ఒకే మట్టిలో, ఒకే తడిలో, ఒకే ఎండలో పెరిగాయి. ఆ కుండీకి కాస్త నీళ్ళు ఎక్కువ పడితే అయిదూ కలిసి పెరుగుతాయి, అడుగున రంధ్రం మూసుకుపోతే అయిదూ కలిసి వాడతాయి. కాబట్టి ఆ అయిదూ ఒకదానితో ఒకటి సంబంధం లేని అయిదు సాక్ష్యాలు కావు. టీ టెస్ట్‌కి మీరు 20 అని చెప్పినప్పుడు, ఇవన్నీ వేటికవే విడివిడి అని దానికి మాట ఇచ్చినట్టు. అది ఆ మాట నమ్మి లెక్క చేసిపెడుతుంది, సరిచూసే దారి దానికి లేదు.

60 సంగతి ఇంకా ఘోరం. ఒకే మొక్కను మూడుసార్లు కొలిస్తే మీ చెయ్యి ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది, అంతే. అన్నం ఉడికిందా అని ఒకే మెతుకును మూడుసార్లు నొక్కి, మూడు మెతుకులు చూశాను అనడం లాంటిది అది.

దీనికి ఒక పేరుంది, సూడోరెప్లికేషన్ అంటారు. హర్ల్‌బర్ట్ అనే ఎకాలజిస్టు 1984లో రాసిన పేపర్ తర్వాత ఆ మాట అందరి నోళ్ళలో పడింది. ఆయన 176 ప్రయోగాల పేపర్లు తిరగేస్తే, టెస్టులు చేసి తీర్మానాలు ప్రకటించిన వాటిలో 48 శాతం ఇదే పని చేశాయట. అచ్చయిన పేపర్లలోనే అంత ఉంటే, పాత థీసిస్‌లు చూసి ఇదే పద్ధతి అనుకోవడంలో విద్యార్థుల తప్పేమీ లేదు. కానీ తెలిశాక రాయకూడదు.

ఇప్పుడు మీ నాలుగు నాలుగు కుండీల లెక్క. తేడా 1.0 సెం.మీ., ఆ తేడాకు స్టాండర్డ్ ఎర్రర్ 0.66, టీ విలువ 1.52, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (లెక్కలో స్వేచ్ఛగా మారగల అంకెల సంఖ్య) 6, పి 0.18. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ మైనస్ 0.6 నుంచి ప్లస్ 2.6 దాకా. ఈ ఇంటర్వెల్‌ను జాగ్రత్తగా చదవండి. రైజోబియం పనిచేయలేదు అని ఇది చెప్పడం లేదు. అర సెంటీమీటరు తగ్గించి ఉండవచ్చు, రెండున్నర పెంచి ఉండవచ్చు, ఈ ఎనిమిది కుండీలతో ఇంతకంటే తేల్చలేను అంటోంది. పి 0.05 దాటగానే "తేడా లేదు" అని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, దయచేసి ఆ వాక్యం మాత్రం రాయకండి.

కానీ మీ అంకెలు చూస్తుంటే నాకు ఒక అనుమానం. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడండి, మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ, మూడోది బాగా తక్కువ, నాలుగోది ఎక్కువ. రెండు వరుసల్లోనూ ఒకేలా పైకీ కిందికీ పోతున్నాయి. కుండీలను మేడ మీద ఎలా పెట్టారు? ఏ కుండీకి రైజోబియం, ఏ కుండీకి ఉత్త పాకం అని ఎలా తేల్చారు? అది చెప్పాక మాట్లాడదాం.

బంగారుపాళ్యం ల్యాబ్:

నేను మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో క్వాలిటీ ల్యాబ్ చూస్తాను, చిత్తూరు వైపు. స్టాటిస్టిక్స్ పై ఆయన చెప్పారు కాబట్టి నేను కొలత గురించి చెప్తానమ్మా, ఎందుకంటే మూడేసి సార్లు కొలిచిన కష్టం వృథా అని నువ్వు అనుకోకూడదు.

ఆ మూడు రీడింగుల వల్ల నీకు ఒక అంకె వస్తుంది. ఒక్కో మొక్కలో మూడు రీడింగులూ ఎంత చెదురుతున్నాయో చూసి, అన్ని మొక్కల మీదా సగటు తియ్యి. స్కేలుతో ఎత్తు కొలిస్తే 0.2 సెం.మీ. దగ్గర ఎస్‌డీ వస్తుందని నా అంచనా. అదే ఒక కుండీ లోపల మొక్కకీ మొక్కకీ మధ్య ఎస్‌డీ, నీ పి విలువలను బట్టి వెనక్కి లెక్కేస్తే, 1.3 దగ్గర ఉండాలి. ఇప్పుడు ఈ రెండు ఎస్‌డీల వర్గాలు (స్క్వేర్లు) కట్టి, కలిపి, వర్గమూలం తియ్యి. ఒక్కసారే కొలిచి ఉంటే మొత్తం చెదురు 1.32, మూడుసార్లు కొలిచి సగటు తీస్తే 1.31. ఆ రెండు అదనపు రీడింగుల వల్ల నీకు దక్కింది అంతే. ఆ టైములో ఇంకో జత కుండీలు పెట్టి ఉంటే ఎన్నో రెట్లు లాభం. వచ్చే ఏడు నీ జూనియర్‌కి ఈ మాట చెప్పు. ఏది ఎక్కువ చెదురుతోందో అక్కడ సంఖ్య పెంచాలి, చెదరని చోట కాదు.

రెండోది, ఎస్‌డీలో కనబడని తప్పు. ఇది మా రోజువారీ పని కాబట్టి గట్టిగా చెప్తాను. తోతాపురి సీజన్లో లోడు రాగానే రసం చుక్క తీసి రిఫ్రాక్టోమీటర్ మీద బ్రిక్స్, అంటే రసంలో చక్కెర శాతం, చూస్తాం. ఆ పరికరం గీతలు 20 డిగ్రీల ఉష్ణోగ్రతకు లెక్క కట్టినవి. ఉష్ణోగ్రతను సర్దుకునే ఏర్పాటు లేని పాత రకం చేతి పరికరమైతే, గదిలో 30 డిగ్రీలు ఉన్నప్పుడు 14 దగ్గరి రసానికి దాదాపు ముప్పావు బ్రిక్స్ తక్కువ చూపిస్తుంది. అదే రసాన్ని పదిసార్లు చూడు, పదిసార్లూ అంతే తక్కువ చూపిస్తుంది. అంకెలన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి, ఎస్‌డీ చూసి ముచ్చటేస్తుంది, ఆ లోడు తెచ్చిన రైతుకు మాత్రం నష్టం. అందుకే ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా వస్తోందా లేదా చూడకుండా మా ల్యాబ్‌లో ఎవరూ రీడింగ్ రాయరు. ఎన్నిసార్లు కొలిచినా ఈ రకం తప్పు తగ్గదు, వేరే ప్రమాణంతో పోల్చి చూస్తేనే బయటపడుతుంది.

నీ ప్రయోగంలో ఆ సున్నా ఎక్కడుంది? మట్టి పైభాగం నుంచి కొలిచావా, విత్తన దళాలు ఊడిన గంటు నుంచి కొలిచావా? కుండీలో మట్టి నీళ్ళు పోసేకొద్దీ దిగుతుంది, కొన్ని కుండీల్లో ఎక్కువ, కొన్నింట్లో తక్కువ. మట్టి మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగితే అన్ని మొక్కలూ ఆ మేరకు పొడుగ్గా కనిపిస్తాయి. స్కేలు మీద మి.మీ. గీతల వల్ల వచ్చే అనిశ్చితి దాని ముందు ఎంత, అర మి.మీ.ని రూట్ మూడుతో భాగిస్తే 0.3 మి.మీ. మాత్రమే. అందుకని 13.47 అని రాయకు, 13.5 చాలు. ఎక్సెల్ ఇచ్చిన అంకెలన్నీ దింపితే కొలత గొప్పదైపోదు.

ఇంకొకటి అడగాలి. కొలిచేటప్పుడు ఏది రైజోబియం కుండీయో నీకు తెలుసా? తెలిస్తే మనసు ఎంత మంచిదైనా కన్ను అటే లాగుతుంది. ఆకు కొసను కాస్త పైకి లాగి పట్టుకుంటాం, తెలియకుండానే. లేబుల్ మీద కాగితం అంటించి, ఇంకొకరి చేత అంకెలు రాయించుకుంటే పోయేదానికి ఎందుకు బద్ధకించాలి.

కపిలతీర్థం రోడ్డు:

అందరూ పెద్ద పెద్ద విషయాలు చెప్తున్నారు గానీ, ఇది మాస్టర్స్ ప్రాజెక్టు. ఆ అమ్మాయికి చేతిలో టైము లేదు, గైడ్‌తో గొడవ పెట్టుకునే పరిస్థితీ లేదు. నేను లైఫ్ సైన్సెస్‌లో చాలా ప్రాజెక్టులు చూశాను, 20 మొక్కలు అంటే 20 అనే రాస్తారు, ఎక్స్‌టర్నల్స్ కూడా అడగరు. మరీ భయంగా ఉంటే శాంపిల్ చిన్నది కాబట్టి టీ టెస్ట్ వద్దని చెప్పి నాన్ పారామెట్రిక్ టెస్ట్ (అంకెల బదులు వాటి ర్యాంకులు చూసేది) చేసెయ్, మాన్ విట్నీ గానీ విల్‌కాక్సన్ గానీ. చిన్న శాంపిల్‌కి అవే వాడాలని మాకు క్లాసులో చెప్పారు.

మేడమీది కుండీలు:

అందరికీ చాలా థ్యాంక్స్. రేణిగుంట సార్, మీరు అడిగినదానికి జవాబు. మేడ మీద అంతటా ఒకేలా ఎండ పడదు సార్. వాటర్ ట్యాంకు వైపు మధ్యాహ్నం నీడ వస్తుంది, పిట్టగోడ పక్కన వేడి కొడుతుంది, మెట్ల గది దగ్గర గాలి తక్కువ. అందుకని నాలుగు చోట్లా ఒక్కో జత పెట్టాను, ఒకటి రైజోబియం, ఒకటి ఉత్త పాకం. విత్తనాలు వేసిన రోజే అలా పెట్టాను. ఏ కుండీకి ఏది అన్నది మా తమ్ముడి చేత చీటీలు తీయించాను. ప్రతి ఆదివారం జతలో కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చేదాన్ని. పైన రాసిన అంకెలు కూడా అదే వరుసలో ఉన్నాయి, మొదటి అంకెలు రెండూ ట్యాంకు దగ్గరవి, రెండోవి మెట్ల గది దగ్గరవి, మూడోవి పిట్టగోడ, నాలుగోవి తులసికోట పక్కన.

ల్యాబ్ అన్నా, మట్టి నుంచే కొలిచాను. లేబుల్స్ కనబడుతూనే ఉన్నాయి, మా ఫ్రెండ్ అంకెలు రాసుకుంది, కొలిచింది నేనే.

రేణిగుంట బయోస్టాట్:

ఇది ముందే చెప్పి ఉంటే సగం టైపింగ్ తప్పేది. మీరు చేసింది చాలా మంచి డిజైన్, దానికి తగ్గ టెస్ట్ మీరు చేయలేదు, అంతే. దీన్ని జతల టీ టెస్ట్‌తో చూడాలి.

చోటుకీ చోటుకీ ఉన్న తేడా మీ ఎనిమిది అంకెల్లో పెద్ద చెదురు. పిట్టగోడ దగ్గర రెండూ పొట్టి, మెట్ల గది దగ్గర రెండూ పొడుగు. మామూలు టీ టెస్ట్ ఆ చెదురంతా రైజోబియం లెక్కలో గందరగోళంగా వేసుకుంటుంది. జతలుగా తీసుకుంటే ప్రతి చోటా తేడా మాత్రమే చూస్తాం. 0.9, 1.2, 0.7, 1.2. సగటు 1.0, ఎస్‌డీ 0.24, రూట్ నాలుగు అంటే 2తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ 0.12. టీ విలువ 8.2, ఫ్రీడమ్ 3, పి 0.004. ఇంటర్వెల్ 0.6 నుంచి 1.4 సెం.మీ. ఎక్సెల్‌లో టీ.టెస్ట్ ఫార్ములాలో చివర అడిగే అంకె 1 పెడితే జతలది, 2 పెడితే రెండు గుంపుల చెదురు సమానం అనుకునేది, 3 పెడితే సమానం కాదనుకునేది. మీరు 2 పెట్టి ఉంటారు.

గమనించారా, ఎన్ 60 అన్నప్పుడూ పి చిన్నదే, ఇప్పుడూ చిన్నదే, కానీ రెండూ ఒకటి కాదు. మొదటిది లేని సమాచారం ఉందని చెప్పి తెచ్చుకున్నది. ఇది విత్తనాలు వేసిన రోజున మీరు పడిన శ్రమ వల్ల వచ్చింది. ఒక్క షరతు. జతలు ముందే పెట్టుకున్నారు కాబట్టే ఇది చెల్లుతుంది. అంకెలు చూశాక పొట్టిదానికి పొట్టిది, పొడుగుదానికి పొడుగుది జత కలిపితే ఎవరికైనా ఇలాంటి పి వస్తుంది, అది మోసం. అందుకని థీసిస్‌లో మెథడ్స్ దగ్గరే జతల సంగతి, చీటీల సంగతి, వారానికోసారి మార్చిన సంగతి రాయండి, వీలైతే మేడ స్కెచ్ వేసి కుండీల చోట్లు చూపించండి.

ఇక కపిలతీర్థం రోడ్డు గారూ, మీరు ఆ అమ్మాయి మంచి కోరే చెప్పారని తెలుసు, కానీ రెండు విషయాల్లో ఒప్పుకోలేను. చిన్న శాంపిల్ అనగానే నాన్ పారామెట్రిక్ అనే సలహా మన దగ్గర బాగా తిరుగుతోంది. నాలుగు జతలకు విల్‌కాక్సన్ చేస్తే ఏం జరుగుతుందో లెక్కేసి చూడండి. నాలుగు తేడాలకూ ప్లస్ మైనస్ గుర్తులు పడే విధానాలు మొత్తం 16. అన్నీ ఒకే వైపు ఉండటం రెండు విధాలు. 16లో 2 అంటే 0.125. అంటే నాలుగు చోట్లా రైజోబియం మొక్కలు మూరెడు పెరిగినా ఆ టెస్ట్ 0.125 కంటే కిందికి దిగలేదు. ఎప్పటికీ 0.05 రాని టెస్టును చేయడం ఎందుకు? మాన్ విట్నీ అయితే 0.03 దాకా దిగగలదు గానీ అది జతలను పట్టించుకోదు.

టీ టెస్ట్ పుట్టిందే చిన్న శాంపిళ్ళ కోసం. గాసెట్ డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసేవాడు, అక్కడ బార్లీ మీద, హాప్స్ మీద వందల కొలతలు తీసే వీలుండదు. 1908లో స్టూడెంట్ అనే పేరుతో ఆ పేపర్ అచ్చువేశాడు. తన లెక్క సరైనదా కాదా చూసుకోవడానికి 3000 మంది ఖైదీల కొలతలు కార్డుల మీద రాసి, కలిపి, వరుసగా నాలుగేసి చొప్పున 750 గుంపులు చేశాడు. ఆయన పరీక్షించుకున్నది సరిగ్గా నాలుగేసి అంకెల శాంపిళ్ళనే. అయితే తేడాలు నార్మల్ డిస్ట్రిబ్యూషన్ (సగటు చుట్టూ గంట ఆకారంలో చెదిరే అంకెలు) నుంచి వచ్చాయని టీ టెస్ట్ నమ్ముతుంది, నాలుగు అంకెలతో అది నిజమో కాదో ఎవరూ సరిచూడలేరు. ఆ మాట డిస్కషన్‌లో ఒక వాక్యంగా రాయాలి, దాచకూడదు.

రెండో విషయం, ఎక్స్‌టర్నల్ అడగరు అన్నది. అడిగినా అడగకపోయినా ఆ అంకె లైబ్రరీలో ఉండిపోతుంది, రేపు ఇంకొకరు దాన్ని చూసి రైజోబియంకి 0.0004 వచ్చిందట అని రాస్తారు. మనకు తెలిసి అలా వదలడం నాకు ఇష్టం లేదు. గైడ్‌తో గొడవ కూడా అక్కర్లేదమ్మా, "సార్, ఎన్ నాలుగు తీసుకుని జతల టెస్ట్ చేస్తే కూడా 0.05 లోపే వస్తోంది, ఇది ఎవరు అడిగినా నిలుస్తుంది" అని చూపించండి, ఏ గైడ్ కాదంటారు?

ఎస్‌డీ, స్టాండర్డ్ ఎర్రర్ సంగతి. కుండీలు ఒకదానికొకటి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పాలంటే ఎస్‌డీ. సగటు మీద మీకు ఎంత నమ్మకం ఉందో చెప్పాలంటే స్టాండర్డ్ ఎర్రర్, లేదా ఇంకా మంచిది కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్. చాలామంది స్టాండర్డ్ ఎర్రర్ వేసేది గ్రాఫులో గీత పొట్టిగా కనిపిస్తుందని. మీరు పట్టికలో 12.5 ± 0.8, 13.5 ± 1.0 అని రాసి, ± అంటే ఎస్‌డీ, కుండీలు నాలుగేసి అని పట్టిక కిందే రాయండి. ఆ తర్వాత అసలు వాక్యం ఇలా ఉండాలి: ఒకే చోట ఉంచిన కుండీల మధ్య సగటు తేడా 1.0 సెం.మీ., 95 శాతం ఇంటర్వెల్ 0.6 నుంచి 1.4, నాలుగు జతలు, జతల టీ టెస్ట్, పి 0.004. అవే ఎనిమిది కుండీల అంకెలు చుక్కలుగా పెట్టి, ఏ జతకు ఆ జతను గీతతో కలిపి ఒక బొమ్మ వేయండి. నాలుగు గీతలూ పైకి పోతూ కనిపిస్తాయి, దానికి మించిన సాక్ష్యం బార్ గ్రాఫ్ ఇవ్వలేదు.

ఏర్పేడు చేను:

స్టాటిస్టిక్స్ వాళ్ళందరూ మాట్లాడాక మొక్క గురించి ఒకరైనా మాట్లాడాలి. మాది వ్యవసాయ కుటుంబం, నేను అగ్రికల్చర్ చదివాను. చోటుకో జత పెట్టడం అన్నది మేము చేలల్లో బ్లాకులు అని చేసేదే తల్లీ, మడి అంతా ఒకేలా ఉండదు కాబట్టి ప్రతి బ్లాకులో అన్ని ట్రీట్‌మెంట్లూ వేస్తాం. నువ్వు చేసింది అదే, రెండు ట్రీట్‌మెంట్లతో.

కానీ ఒక సెంటీమీటరు ఎత్తు వల్ల ఎవరికి లాభం? పి ఎంత చిన్నదైనా ఆ ప్రశ్నకు జవాబు రాదు. వేరుశనగలో పొడుగు పెరిగిన మొక్క ఎక్కువ కాయలు కాస్తుందని లేదు, నీడలో ఉన్నవి కూడా సాగుతాయి. రైజోబియం పని నత్రజని పట్టుకోవడం, అది తెలిసేది వేరు బుడిపెల్లో. మొక్కలు ఇంకా ఉన్నాయా? ఉంటే కుండీని నీళ్ళల్లో నానబెట్టి, మట్టి వదులయ్యాక వేరు తెగకుండా తీసి, బకెట్లో మెల్లగా కడుగు. గుంజితే బుడిపెలు మట్టిలోనే ఊడిపోతాయి, అప్పుడు నీ కౌంట్ మొదటే తప్పు. బుడిపెలు లెక్కపెట్టాక కొన్నింటిని బ్లేడుతో కోసి చూడు. లోపల మాంసంలా గులాబీ ఎరుపు ఉంటే పనిచేస్తున్నాయి, ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. తెల్లగా ఉంటే ఇంకా పనిలోకి దిగలేదు, ఆకుపచ్చగా మారితే ముసలివై పోయాయి. తర్వాత కాండం, ఆకులు ఓవెన్‌లో 70 డిగ్రీల వద్ద బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టి తూకం వెయ్యి. ఎత్తు కంటే ఎండు బరువు నమ్మదగిన కొలత, మట్టి దిగిందా లేదా అన్న గొడవ దానికి ఉండదు.

ఒక జాగ్రత్త. నీ మట్టి చేను నుంచి తెచ్చింది, స్టెరిలైజ్ చేయలేదు అనుకుంటా. మన చేలల్లో వేరుశనగ ఏళ్ళ తరబడి వేస్తున్నారు కాబట్టి అందులో ముందే రైజోబియం ఉంటుంది. ఉత్త పాకం కుండీల్లోనూ బుడిపెలు ఉంటాయి, చూసి కంగారు పడకు. పైగా జత కుండీలు పక్కపక్కన పెట్టావు, నీళ్ళు పోసేటప్పుడు మట్టి చింది ఒకదాన్లోంచి ఒకదాన్లో పడి ఉండవచ్చు. అలా జరిగి ఉంటే తేడా అసలుకంటే తక్కువగా కనబడుతుంది గానీ ఎక్కువగా కాదు. అది కూడా రాయి.

మేడమీది కుండీలు:

మొక్కలు ఉన్నాయి సార్, ఎత్తు కొలిచాక తియ్యలేదు. మట్టి స్టెరిలైజ్ చేయలేదు, నిజమే. గైడ్‌తో మాట్లాడాను, జతల లెక్క చూపిస్తే "ఇది బాగుంది, ఇదే పెట్టు" అన్నారు, ఎన్ గురించి ఏమీ అనలేదు. సోమవారం వేర్లు తీస్తాను. బుడిపెలు లెక్క అంటే పూర్తి సంఖ్యలు కదా, 23, 41 ఇలా వస్తాయి. దానికి కూడా టీ టెస్ట్ చేయొచ్చా, కై స్క్వేర్ చేయాలా?

రేణిగుంట బయోస్టాట్:

కై స్క్వేర్ వద్దు. అది ఇన్ని మొలిచాయి ఇన్ని మొలవలేదు లాంటి వర్గాల లెక్కకు, అదీ ప్రతి విత్తనం విడిగా నాటినప్పుడు. ఒక వేరు మీద ఉన్న బుడిపెలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు, వాటిని విడివిడి సాక్ష్యాలుగా లెక్కేస్తే 60 కథే మళ్ళీ వస్తుంది. అయిదు మొక్కల బుడిపెలు కూడి కుండీకి సగటు తీయండి, అప్పుడు మళ్ళీ ఎనిమిది అంకెలు, నాలుగు జతలు, అదే టెస్ట్. బుడిపెలు ఎక్కువున్న చోట చెదురు కూడా ఎక్కువ ఉంటుంది, అందుకని ఆ సగటుల వర్గమూలాలు తీసి టెస్ట్ చేయండి, పట్టికలో మాత్రం అసలు సంఖ్యలే ఇవ్వండి. ఎత్తుకి ఒక టెస్ట్, బుడిపెలకు ఒకటి, ఎండు బరువుకు ఒకటి, మూడూ థీసిస్‌లో రాయాలి, ఏది బాగా వచ్చిందో అదొక్కటే ఏరుకుని రాయకూడదు. వీటిలో ప్రధానమైన కొలత ఏదో వేర్లు తీయకముందే నోట్‌బుక్‌లో రాసి తేదీ వేయండి. నా ఓటు బుడిపెలకు.

బంగారుపాళ్యం ల్యాబ్:

ఒక్క మాట చేర్చుతాను. వేర్లు కడిగాక లేబుల్ తీసి చీటీ నంబర్లు కట్టు, ఏ నంబరు ఏ కుండీదో రాసిన కాగితం లెక్కపెట్టని మూడో మనిషి దగ్గర ఉంచు. నువ్వు ఒకసారి, మీ ఫ్రెండ్ ఒకసారి, ఒకరి అంకె ఒకరు చూడకుండా లెక్కపెట్టండి. ఆవగింజంత బుడిపెను బుడిపె అనాలా వద్దా అన్నది ముందే ఇద్దరూ అనుకోండి, కనీసం ఒక మి.మీ. ఉంటేనే లెక్క అని పెట్టుకోవచ్చు. తర్వాత మొక్క మొక్కకీ నీ అంకెలోంచి ఆమె అంకె తీసెయ్. ఆ తేడాల సగటు సున్నా దగ్గర లేకపోతే ఇద్దరిలో ఒకరు పద్ధతిగా ఎక్కువ లెక్కేస్తున్నట్టు. రెండు కొలతలు కలుస్తున్నాయా అని చూడటానికి బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే స్టాటిస్టీషియన్లు 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో చెప్పింది కూడా ఈ తేడాలను చూడమనే, కోరిలేషన్ (రెండు వరుసలూ కలిసి పైకీ కిందికీ పోవడాన్ని చూపే అంకె) 0.98 వచ్చింది కదా అని ఊరుకోవద్దనే. ఒకరు ప్రతిసారీ పది ఎక్కువ లెక్కపెట్టినా కోరిలేషన్ 1 వస్తుంది.

కడిగిన వేర్లు తడి గుడ్డలో చుట్టి పెట్టుకో, ఎండలో వదిలేస్తే బుడిపెలు ముడుచుకుపోతాయి.